బ్రష్ కట్టరు ఇంజను నిలకడగా నడువనిచో ఏమి చేయవలెను?



తొలకరి పడగానే పైరుకంటె ముందు గట్టుమీది గడ్డి లేచును. పొలము గట్లు, కాలువ యొడ్లు, మామిడి, నిమ్మ, కొబ్బరి తోటలలోని చెట్ల వరుసల నడుమ పెరుగు కలుపును పూతకు రాకముందే కోసివేయవలెనని మీకు తెలియనిది కాదు. వయ్యారిభామ మొక్క ఒక్కటియే వేలకొలది విత్తనములు రాల్చును. కోత పది దినములు ఆలస్యమైనచో ఆ విత్తనమంతయు నేలలో చేరును. తరువాత ఏండ్ల తరబడి దానితో పోరాడవలసి వచ్చును. కూలీలు దొరకని ఆ దినములలో అదను తప్పకుండ పని జరుగుటకు చాలమంది రైతులు భుజమునకు తగిలించుకొను బ్రష్ కట్టరును కొనుచున్నారు. కొందరు అద్దెకు తెచ్చుకొనుచున్నారు.

అయితే అవసరమైననాడే ఈ యంత్రము మొండికేయుట తరచుగా చూచుచున్నాము. తాడు ఎన్నిసార్లు లాగినను అందుకొనదు. అందుకొనినను రేసు తగ్గించగానే ఆగిపోవును. అప్పుడు చాలమంది చేయు పని యొకటి కలదు. స్క్రూడ్రైవరు తీసుకొని కార్బురేటరుమీది స్క్రూను బిగించి, ఐడ్లింగు పెంచి, ఎట్లో నడిపించుట. ఆ పూటకు పని జరుగును. కాని దానివలన ఇంజనుకును, మనిషికిని కూడ ముప్పు కలదు. ఆ ముప్పు ఏమిటో, స్క్రూ జోలికి పోకముందు ఏయే భాగములను ఏ వరుసలో చూడవలెనో ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ఐడ్లింగు ఇంజనుకు నాడి వంటిది

రేసు మీట వదలినపుడు ఇంజను ఆగక, మెల్లగా, ఒకే తీరుగా ఆడుచుండుటను ఐడ్లింగు అందురు. బ్రష్ కట్టరులో ఇది సాధారణముగా నిమిషమునకు సుమారు 3,000 చుట్లు ఉండును. ఇంజనుకును బ్లేడుకును నడుమ ఒక క్లచ్చి కలదు. ఐడ్లింగులో ఆ క్లచ్చి పట్టదు. కాబట్టి బ్లేడు తిరుగదు. రేసు ఇచ్చి వేగము పెంచినప్పుడే క్లచ్చి రెక్కలు బయటికి విచ్చుకొని, చుట్టునున్న డ్రమ్మును పట్టుకొని బ్లేడును త్రిప్పును.

ఐడ్లింగు స్క్రూ చేయు పని చాల చిన్నది. కార్బురేటరులోని గాలి తలుపు పూర్తిగా మూసికొనకుండ కొంచెము తెరచి ఉంచుటయే దాని పని. ఇంధనము సరిగా రాక ఇంజను ఆగిపోవుచున్నపుడు ఆ తలుపును మరికొంత తెరచినచో వేగము పెరిగి ఇంజను నిలుచును. కాని ఇంధనము రాకపోవుటకు గల కారణము అట్లే యుండును.

ఇందు రెండు ప్రమాదములు కలవు. మొదటిది ఇంజనుకు. రెండు స్ట్రోకుల ఇంజనుకు వేరుగా నూనె గది లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే లోని భాగములకు అందవలెను. ఇంధనము తక్కువగా వచ్చుచు గాలి ఎక్కువగా వచ్చినచో వేడి పెరుగును, నూనె తగ్గును. పిస్టను సిలిండరు గోడలను గీచుకొని పట్టివేయును. ఇంజను బోరుకు వచ్చును. రెండవది మనిషికి. ఐడ్లింగు వేగము క్లచ్చి పట్టునంతవరకు పెరిగినచో, మీట వదలినను బ్లేడు ఆగక తిరుగుచునే యుండును. మీరు చెమట తుడుచుకొనుటకు నిలిచినను, గట్టు దాటుటకు అడుగు వేసినను, పాదము ప్రక్కనే కత్తి తిరుగుచుండును.

ఒక రైతు తెచ్చిన యంత్రమును మేము పరీక్షించితిమి. రేసు తగ్గించిన ఆగిపోవుచున్నదని ఆయన ఐడ్లింగు స్క్రూను రోజుకు కొంచెము చొప్పున బిగించుచు వచ్చెను. చివరకు మీట వదలినను బ్లేడు తిరుగుట మొదలిడెను. గట్టు దిగునపుడు అది ఆయన చెప్పు అంచును కోసివేసినది, వ్రేలు దక్కినది. విప్పి చూడగా దోషము కార్బురేటరులో లేనే లేదు. ట్యాంకులోనికి దిగు పెట్రోలు గొట్టము, రబ్బరు బిరడా వద్ద గోటి యంత మేర చిట్లియున్నది. గొట్టము మార్చి, స్క్రూను మొదటి స్థానమునకు వెనుకకు త్రిప్పగానే యంత్రము చక్కగా నడచినది. అతి తక్కువ ఖర్చుతో పోవు లోపమునకు కాలు పోవలసిన పని యగుచుండెను.

వైద్యుడు నాడి చూచి జబ్బు గుర్తించునట్లు, ఐడ్లింగును బట్టి ఇంజను లోపమును గుర్తించవచ్చును. ఏలయన ఐడ్లింగులో ఇంధనము వెంట్రుకవంటి సన్నని రంధ్రముల గుండా కొద్దికొద్దిగా పోవును. రేసులో కనబడని చిన్న అడ్డు గాని, గాలి చొరబాటు గాని మొదట ఐడ్లింగులోనే బయటపడును. స్క్రూ బిగించుట ఆ నాడిని కప్పిపుచ్చుటయే గాని వైద్యము కాదు.

ఇంధనము పోవు దారి

లోపము పట్టవలెనన్న పెట్రోలు ఏ దారిన పోవుచున్నదో తెలియవలెను. ట్యాంకు అడుగున గొట్టము చివర బరువైన చిన్న ఫిల్టరు కలదు. యంత్రమును ఎటు వంచినను ఆ ఫిల్టరు పెట్రోలు ఉన్నవైపునకే జారును. అక్కడినుండి పీల్చు గొట్టము కార్బురేటరులోనికి పోవును.

ఈ కార్బురేటరు మోటారు సైకిలుకు ఉండునట్టిది కాదు. మోటారు సైకిలు కార్బురేటరులో తేలు బుడ్డి ఉండును. వంచినచో పని చేయదు. బ్రష్ కట్టరును ప్రక్కలకు వంచి వాడవలసి యున్నందున దీనిలో సన్నని పొరలు అమర్చిరి. పిస్టను పైకి క్రిందికి ఆడునపుడు క్రాంకు పెట్టెలో గాలి ఒత్తిడి హెచ్చుచు తగ్గుచుండును. ఆ ఒత్తిడికి ఒక పొర గుండె కొట్టుకొనునట్లు ఆడి ట్యాంకునుండి ఇంధనమును లాగును. రెండవ పొర చిన్న మీటద్వారా సూదిని తెరచుచు మూయుచు, ఇంజనుకు కావలసినంత ఇంధనమునే లోనికి వదలును.

కార్బురేటరు ప్రక్కన గాని క్రింద గాని వ్రేలితో నొక్కు పారదర్శకమైన రబ్బరు బుడ్డి కలదు. దీనిని ప్రైమర్ బల్బు అందురు. దీనిని గూర్చి ఒక అపోహ కలదు. దీనిని నొక్కినచో పెట్రోలు ఇంజనులోనికి పోవునని చాలమంది తలంచుచున్నారు. చాల బ్రష్ కట్టర్లలో అట్లు జరుగదు. బుడ్డి నొక్కినపుడు దానిలోని గాలియు, పెట్రోలును సన్నని వెనుక గొట్టము ద్వారా తిరిగి ట్యాంకునకే పోవును. వదలినపుడు అది కార్బురేటరు గుండా ట్యాంకునుండి కొత్త పెట్రోలును లాగును. అనగా గొట్టములలోను, కార్బురేటరులోను ఉన్న గాలిని తీసివేసి ఆ చోటును పెట్రోలుతో నింపుటయే దాని పని. చల్లని ఇంజను అందుకొనుటకు కావలసిన చిక్కని మిశ్రమమును ఇచ్చునది చోక్ మాత్రమే. బుడ్డిని పదిసార్లు నొక్కి, చోక్ వేయకుండ తాడు లాగిన ప్రయోజనము లేదు.

రబ్బరు బుడ్డి చెప్పు సంగతులు

ఈ బుడ్డి లోపములను పట్టియిచ్చు మంచి సాధనము. ట్యాంకులో సగమునకు పైగా ఇంధనము పోసి, స్విచ్చి ఆపి, బుడ్డిని నెమ్మదిగా 7 నుండి 10 సార్లు నొక్కుచు కనిపెట్టి చూడవలెను.

బుడ్డి పెట్రోలుతో నిండి, బుడగలు లేకుండ వెనుక గొట్టములో పారినచో ట్యాంకునుండి కార్బురేటరు వరకు దారి బాగున్నదని తెలియవలెను. అప్పుడు లోపమును స్పార్క్ ప్లగ్గులోను, ఎయిర్ ఫిల్టరులోను, కార్బురేటరు లోపలను వెదకవలెను.

నొక్కిన బుడ్డి తిరిగి ఉబ్బక అణగియే యున్నచో దారిలో అడ్డు కలదు. ట్యాంకులోని ఫిల్టరు పూడియుండవచ్చును, గొట్టము మడత పడియుండవచ్చును, లేదా కార్బురేటరు లోపలి సన్నని జల్లెడ మూసికొనిపోయి యుండవచ్చును.

బుడ్డి ఉబ్బుచున్నను ఎంతసేపటికిని బుడగలే వచ్చుచున్నచో ఎక్కడనో గాలి చొరబడుచున్నది. పీల్చు గొట్టము చిట్లుట, గొట్టము కార్బురేటరు ముక్కువద్ద వదులగుట, బుడ్డికే సన్నని పగులు ఏర్పడుట దీనికి కారణములు. ఇటీవల గొట్టములు మార్పించియున్నచో రెండును తారుమారుగా తగిలించిరేమో కూడ చూడవలెను. ఫిల్టరు ఉన్న గొట్టము కార్బురేటరునకును, ఫిల్టరు లేని గొట్టము బుడ్డినుండి ట్యాంకునకును ఉండవలెను.

బుడ్డి నొక్కుటకే గట్టిగా ఉన్నచో వెనుక గొట్టము మడత పడినదో, పూడినదో అయి యుండును.

ముందుగా ఇంధనమును పరీక్షింపుడు

గొట్టములు విప్పుటకు ముందు ట్యాంకులో ఏమున్నదో చూడవలెను. కొంత ఇంధనమును శుభ్రమైన గాజు సీసాలో పోసి, నీడలో, నిప్పునకు దూరముగా పావుగంట కదలక ఉంచవలెను. అడుగున వేరే పొరగాని, నీటి బొట్లుగాని, చెత్తగాని కనబడినచో ఆ ఇంధనమును వాడరాదు.

ఈ జాగ్రత్త నేడు మునుపటికంటె ముఖ్యమైనది. 2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో సుమారు 20 శాతము ఎథనాలు కలియుచున్నది. ఎథనాలు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. వానకాలమున మూత వదులుగా ఉన్న డబ్బాలో నెలల తరబడి నిలువ ఉంచినను, నీరు చేరినను, ఎథనాలు నీటితో కలిసి పెట్రోలును విడిచి అడుగునకు దిగును. ఆ అడుగు పొరలో మనము కలిపిన నూనె ఉండదు. ట్యాంకులోని ఫిల్టరు పండుకొని యుండునది సరిగా ఆ అడుగుననే. ఇంజను ఆ నీటిపొరను పీల్చినచో ఆగిపోవును. ఆగక నడచినచో నూనె లేక పాడగును. పాతరకము రబ్బరు గొట్టములు, పొరలు ఎథనాలు తగిలి గట్టిపడుటయు, పగులుటయు, ఉబ్బుటయు కలదు. మీ యంత్రమునకు ఎంత శాతము ఎథనాలు తగునో దానితో వచ్చిన పుస్తకములో చూచుకొనవలెను; గొట్టములు మార్చునపుడు ఎథనాలుకు తట్టుకొనునవి అడిగి తీసుకొనవలెను.

నూనె కలుపు పాళ్ళు కూడ ఆ పుస్తకములో చెప్పినట్లే ఉండవలెను. 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె అన్నచో లీటరు పెట్రోలుకు 20 మి.లీ.; 40 పాళ్ళకు 1 అన్నచో 25 మి.లీ.; 25 పాళ్ళకు 1 అన్నచో 40 మి.లీ. రెండు స్ట్రోకుల ఇంజనుకు తగిన టూ-టి నూనెయే వాడవలెను. కంటి అంచనాతో పోయరాదు, కొలపాత్ర వాడవలెను. నూనె తక్కువైనచో ఇంజను పట్టివేయును. ఎక్కువైనచో పొగ హెచ్చి, ప్లగ్గు తడిసి, సైలెన్సరులో మసి పేరుకొనును. ట్యాంకులోనే కలుపక, వేరే డబ్బాలో సగము పెట్రోలు, మొత్తము నూనె పోసి బాగుగా కుదిపి, పిదప మిగిలిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. ఒక నెలలో వాడుకొనునంత మాత్రమే కలుపుకొనుట మంచిది.

మీ యంత్రము నాలుగు స్ట్రోకులదై, దానికి నూనె గది వేరుగా ఉన్నచో పెట్రోలులో నూనె కలుపరాదు. మిగిలిన పరీక్షలన్నియు దానికిని చెల్లును.

ట్యాంకు మొదలుకొని వరుసగా

ఇంజను చల్లారిన పిమ్మట, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీగను ఊడదీసి, గాలి తగులు చోట, బీడీ చుట్టలకు దూరముగా ఈ పని చేయవలెను. వరుస తప్పరాదు. సులభమైనదియు, ఖర్చు లేనిదియు మొదట చూడవలెను.

1. ట్యాంకు మూత: ట్యాంకులోనికి గాలి పోవుటకు మూతలోగాని, ప్రక్కనగాని సన్నని ద్వారము కలదు. అది దుమ్ముతో పూడినచో పెట్రోలు తగ్గినకొలదియు ట్యాంకులో గాలి పలుచనై ఇంధనము రాదు. యంత్రము ఐదు పది నిమిషములు నడచి ఆగుట, కొంతసేపు ఊరకున్న పిదప మరల అందుకొనుట దీని గుర్తు. ఆగగానే మూతను మెల్లగా వదులు చేసినపుడు సుయ్‌మని గాలి లోనికి పోవు చప్పుడు వినబడినచో అనుమానము తీరినట్లే. మూతను శుభ్రపరచవలెను, లేదా మార్చవలెను.

2. ట్యాంకులోని ఫిల్టరు: వంచిన తీగతో గొట్టమును మెల్లగా పైకి లాగి చూడవలెను. నల్లబడి గట్టిపడినచో కడుగుట వృథా, కొత్తది వేయవలెను. అనుమానమున్నచో ఫిల్టరు తీసి, గొట్టము చివరను శుభ్రమైన ఇంధనములో ముంచి బుడ్డి నొక్కి చూడవచ్చును. ఇప్పుడు బుడ్డి నిండినచో దోషము ఫిల్టరుదే. అయితే ఫిల్టరు లేకుండ ఇంజనును నడుపరాదు.

3. గొట్టములు: మొదటినుండి చివరివరకు వ్రేళ్ళతో వంచి చూడవలెను. మామూలుగా కనబడని చిట్లు వంచినపుడు నోరు తెరచును. ముఖ్యముగా ట్యాంకు గోడ వద్ద రబ్బరు బిరడా గుండా పోవు చోటును, కార్బురేటరు ముక్కు వద్దను చూడవలెను. మెత్తదనము పోయి పుల్లవలె గట్టిపడిన గొట్టము పగులు లేకున్నను మార్చదగినదే.

4. ఎయిర్ ఫిల్టరు: దుమ్ము పట్టిన ఫిల్టరు చోక్ వేసినట్లే గాలిని అడ్డగించును. ఇంజను పొగలు గ్రక్కుచు గుడగుడలాడుచు ఆగును. స్పాంజి ఫిల్టరైనచో సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పుస్తకములో చెప్పియున్నచో రెండు బొట్లు నూనె అద్ది పిండి వేయవలెను. గడ్డి కోయు దినములలో ప్రతి సాయంకాలము దీనిని చూచుట అలవాటు చేసికొనవలెను.

5. స్పార్క్ ప్లగ్గు: ఇది ఇంజను నాలుక వంటిది. మొన కాఫీపొడి రంగులో పొడిగా ఉన్నచో మిశ్రమము సరిగా నున్నది. తెల్లగా పాలిపోయియున్నచో ఇంధనము తక్కువ, గాలి ఎక్కువ. నల్లగా తడిగా ఉన్నచో ఇంధనము ఎక్కువ, లేక గాలి తక్కువ. మొనల నడుమ ఎడము సాధారణముగా 0.6 నుండి 0.7 మి.మీ. ఉండవలెను.

6. కార్బురేటరు బోల్టులు: యంత్రము అదురుటవలన ఇవి వదులగును. కార్బురేటరుకును సిలిండరుకును నడుమనున్న ప్యాకింగు చిరిగినచో అక్కడినుండి గాలి చొరబడును. బోల్టులను సమముగా బిగించి, చిరిగిన ప్యాకింగును మార్చవలెను.

ఇంజను తీరును బట్టి లోపమును గుర్తించుట

చోక్ వేసినపుడు నడచి, చోక్ తీయగానే ఆగినచో ఇంధనము చాలుట లేదు. గాలి చొరబాటును గాని, కార్బురేటరులోని సన్నని దారి పూడుటను గాని అనుమానించవలెను.

ఐడ్లింగులో వేగము తనంతట తాను హెచ్చుచు తగ్గుచున్నచో, మీట వదలిన పిమ్మట చాలసేపటికిగాని వేగము దిగకున్నచో గాలి చొరబాటు ప్రధాన కారణము. ఈ స్థితిలో యంత్రమును పనికి వాడరాదు. ఇంజను పట్టివేయుటకు ఇదియే ముందు సూచన.

ఐడ్లింగులో నిలిచి, రేసు ఇవ్వగానే చచ్చిపోవుచున్నచో ఫిల్టరు, మూత గాలిద్వారము, కార్బురేటరు పొరలు చూడవలెను.

ఐడ్లింగులో బాగుండి, గడ్డిలో పెట్టగానే బలము లేక క్రుంగుచున్నచో సైలెన్సరు నోటిలో మసి పేరుకొనియుండవచ్చును.

యంత్రమును వంచినపుడే ఆగుచున్నచో ట్యాంకులో ఇంధనము తక్కువైయుండును, లేదా లోని గొట్టము గట్టిపడి ఫిల్టరు అటునిటు జారలేకున్నది.

చల్లగా ఉన్నపుడు నడచి, వేడెక్కిన పిమ్మట ఆగి, మరల చల్లారువరకు నిప్పురవ్వ రాకున్నచో దోషము కాయిలుది. తాడు లాగునపుడు చేతికి పట్టు తగలక తేలికగా వచ్చుచున్నచో పిస్టను, రింగులు అరిగినవని తెలియవలెను. ఈ రెండును మెకానిక్కు పనులు.

ఇంజనులో పెట్రోలు ఎక్కువై తడిసినచో

చోక్ వేసి తాడు లాగుచుండగా ఒకసారి ఫట్ మని అందుకొనినట్లు శబ్దము వచ్చును. అప్పుడు చోక్ తీసివేసి మరల లాగవలెను. ఆ శబ్దము గమనింపక చోక్ తోనే లాగుచుపోయినచో సిలిండరు పెట్రోలుతో తడిసిపోవును. అట్లైనపుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టవలెను. ప్లగ్గు రంధ్రము మీ మొగమువైపు లేకుండ త్రిప్పి, చోక్ తెరచి, తాడును నాలుగైదుసార్లు లాగినచో లోని పెట్రోలు బయటికి వచ్చును. చింది పడిన పెట్రోలును తుడిచి, కొంతసేపు ఆరనిచ్చి, ప్లగ్గు బిగించి, చోక్ లేకుండ అందుకొనచేయవలెను. ప్రతిసారియు బ్లేడు దేనికిని తగులకుండ యంత్రమును చదును నేలపై పెట్టి అదిమి పట్టుకొనవలెను.

స్క్రూలు ఎప్పుడు త్రిప్పవలెను?

పైన చెప్పినవన్నియు సరిగా నున్నవని తేలిన తరువాతనే. కార్బురేటరుపై సాధారణముగా మూడు స్క్రూలు ఉండును. టి అను గుర్తుగలది ఐడ్లింగు స్క్రూ. ఎల్, హెచ్ అను గుర్తులు గలవి తక్కువ వేగమునకును, ఎక్కువ వేగమునకును ఇంధనపు పాళ్ళు నిర్ణయించునవి. ఎల్, హెచ్ స్క్రూలను రైతులు ముట్టకుండుటయే మంచిది. ముఖ్యముగా హెచ్ స్క్రూను తెలియక బిగించినచో పూర్తి రేసులో నూనె చాలక ఇంజను నిమిషములలో పాడగును.

ఐడ్లింగు స్క్రూ త్రిప్పుటకు ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రముగా నుండవలెను. ఇంజను నాలుగైదు నిమిషములు నడచి వేడెక్కియుండవలెను. గడియారపు ముళ్ళు తిరుగు దిక్కునకు త్రిప్పినచో వేగము పెరుగును, ఎదురు దిక్కునకు త్రిప్పినచో తగ్గును. ఒక్కసారికి ఎనిమిదవ వంతు చుట్టుకంటె త్రిప్పరాదు. ఇంజను ఆగకుండ నిలిచి, బ్లేడు కదలకుండ ఉన్నదే సరియైన స్థానము. బ్లేడు కదలుచున్నచో స్క్రూను వెనుకకు త్రిప్పవలెను. బ్లేడు ఆగుసరికి ఇంజను కూడ ఆగుచున్నచో లోపము ఇంకను ఎక్కడనో మిగిలియున్నదని గ్రహించి మరల మొదటినుండి చూడవలెను. స్క్రూను వెనుకకు త్రిప్పి వేగము తగ్గించినను బ్లేడు తిరుగుచునే యున్నచో క్లచ్చి స్ప్రింగు విరిగియుండవచ్చును. అట్టి యంత్రమును బాగుచేయించువరకు ఎత్తనే కూడదు.

కార్బురేటరు విప్పవలసి వచ్చినచో

అలవాటు గలవారు పొరలను మార్చుకొనవచ్చును. విప్పునపుడు ఏ పొర పైన ఏ ప్యాకింగు ఉన్నదో ఫోనుతో ఒక బొమ్మ తీసి ఉంచుకొనినచో మరల అమర్చునపుడు తారుమారు కాదు. మంచి పొర గుడ్డవలె మెత్తగా నుండును; పాడైనది ఎండుటాకువలె బిరుసెక్కి పెళపెళలాడును. బిరుసెక్కిన పొర సూదిని సరిగా ఎత్తలేదు. అందువలన ఐడ్లింగు నిలువదు. సన్నని రంధ్రములలో తీగలు, గుండుసూదులు పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో ఆ కార్బురేటరు ఇక దారికి రాదు. కార్బురేటరు శుభ్రపరచు ద్రవమును చల్లి, గాలి కొట్టి శుభ్రపరచవలెను. అప్పుడు కండ్లకు అద్దములు తప్పక పెట్టుకొనవలెను. పొరలు తీయకుండ గాలి కొట్టినచో అవి చిరుగును.

పడవ మోటారు గల రైతులకు

గోదావరి, కృష్ణా లంకలలో సేద్యము చేయుచు పడవకు మోటారు అమర్చుకొనినవారికిని ఈ వరుసయే ఉపయోగపడును. కాని అక్కడ గొట్టము నడుమనుండు రబ్బరు బుడ్డి పని వేరు. అది ఇంధనమును మోటారువైపునకే నెట్టును. దానిపై నున్న బాణపు గుర్తు మోటారువైపు ఉండవలెను. ట్యాంకు మూతపై గాలి స్క్రూను తెరచి, బాణము పైకి ఉండునట్లు పట్టుకొని, బుడ్డి గట్టిపడువరకు పిసుకవలెను. ఎంతకును గట్టిపడకున్నచో అతుకులవద్ద గాలి చొరబడుచున్నది, లేదా ఇంధనము కారుచున్నది. మోటారు నడచుచుండగా బుడ్డి అప్పడమువలె అణగిపోయినచో ట్యాంకువైపు అడ్డు కలదు, లేదా గాలి స్క్రూ తెరచుట మరచితిరి. ఐడ్లింగులో ఆగబోవునపుడు బుడ్డి పిసికిన నిలుచుచున్నచో ఇంధనపు పంపు పొరనుగాని, గొట్టములోని గాలి చొరబాటునుగాని చూడవలెను. ఏటి నడుమ మోటారు ఆగుట ప్రాణముతో చెలగాటము. కాబట్టి ఈ పరీక్ష ఒడ్డునే ముగించుకొనవలెను. నీటితో చల్లబడు మోటారును నీరు లేకుండ నడుపరాదు.

పని ముగిసిన పిమ్మట

ఐడ్లింగు చిక్కులలో చాలభాగము యంత్రము పని చేయునపుడు పుట్టవు. అది మూలన ఉన్నపుడు పుట్టును. కోత ముగిసి నెలకు మించి యంత్రమును ప్రక్కన పెట్టదలచినచో ట్యాంకును ఖాళీ చేసి, ఇంజనును ఆగిపోవువరకు నడిపి, బుడ్డిని పలుమార్లు నొక్కి మిగిలినది కూడ ట్యాంకునకు రప్పించి, దానిని గూడ వంపివేసి, మరల ఒకసారి అందుకొనచేసి ఆరిపోనీయవలెను. కార్బురేటరులో నిలిచిన పెట్రోలు ఎండి జిగురై సన్నని దారులను మూయకుండుటకు ఇది మంచి మార్గము. ఎండ తగులని పొడి చోట, పిల్లలకు అందకుండ, పొయ్యికి దూరముగా దాచవలెను.

ఒక ఫిల్టరు, ఒక ప్లగ్గు, రెండు మూరల గొట్టము, ఒక బుడ్డి ఇంటిలో సిద్ధముగా ఉంచుకొనుడు. పనికి బయలుదేరుటకు ముందు నాడు సాయంకాలమే బుడ్డి నొక్కి, ఇంజను నడిపి, మీట వదలి, బ్లేడు ఆగుచున్నదో లేదో చూచుకొనుడు. వేడి ఇంజనులో పెట్రోలు పోయకుడు. పోసిన చోటినుండి కనీసము 3 మీటర్లు దూరముగా జరిగి తాడు లాగుడు. కంటి అద్దములు, బూట్లు, నిండు చేతుల చొక్కా వేసికొనుడు. కోయుచున్నపుడు 15 మీటర్ల లోపల మరెవ్వరును లేకుండ చూడుడు.

ఐడ్లింగు నిలువనపుడు చేయి స్క్రూ మీదికి పోవుట సహజము. ఆ చేతిని ముందు ట్యాంకు మూత మీదికి పోనిచ్చినచో ఇంజనును దక్కును, కాలును దక్కును, కోత అదనును దక్కును.